వెనుక నుంచి నింపే తొలి తుపాకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రీచ్ లోడింగ్ తుపాకుల గురించి ఎక్కడ చదివినా ఒక మాట కనిపిస్తుంది: ‘19వ శతాబ్దంలో వచ్చిన గొప్ప ఆవిష్కరణ’ అని. అది సగమే నిజం. ఆలోచన చాలా పాతది. దాన్ని సరిగ్గా పనిచేయించడానికే మూడు వందల ఏళ్లకు పైగా పట్టింది. ఎందుకు పట్టిందన్నదే ఈ చరిత్రలో అసలు ఆసక్తికరమైన సంగతి. కింది జవాబులు ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి.

అసలు బ్రీచ్ లోడర్ అంటే ఏమిటి?

తుపాకీ గొట్టానికి రెండు కొసలుంటాయి. గుండు బయటికి వెళ్లే కొస మూతి. మన భుజం వైపు ఉండే వెనుక కొస బ్రీచ్. మన ఏజెన్సీ ఊళ్లలో వాడిన నాటు తుపాకీ చూసినవాళ్లకు పాత పద్ధతి తెలిసే ఉంటుంది. మూతిలోంచి మందు పోసి, పైన గుడ్డపీలికో పీచో కుక్కి, గుండో రవ్వలో వేసి, పొడవాటి కడ్డీతో దట్టిస్తారు. దాన్ని మజిల్ లోడర్ అంటారు. అలా కాకుండా వెనుక కొస తెరుచుకుని, అక్కడే మందూ గుండూ పెట్టి మూసే ఏర్పాటు ఉంటే అది బ్రీచ్ లోడర్. ఇప్పటి రైఫిళ్లన్నీ ఈ రెండో రకానివే.

వెనుక నుంచి నింపితే ఏమిటంత లాభం?

అందరూ వేగం గురించే చెబుతారు. వేగం నిజమే. బాగా శిక్షణ పొందిన సిపాయి మూతి నుంచి నింపే తుపాకీతో నిమిషానికి రెండు మూడు సార్లు పేల్చేవాడు. తొలి బ్రీచ్ లోడర్లతోనే నాలుగైదు సార్లు కుదిరింది. నా లెక్కలో మాత్రం అంతకంటే పెద్ద లాభాలు వేరే ఉన్నాయి.

మొదటిది, పడుకుని నింపుకోవచ్చు. మూతి నుంచి దట్టించాలంటే తుపాకీని నిలబెట్టాలి, మనిషీ నిలబడాలి లేదా కనీసం మోకాళ్ల మీదకు లేవాలి. ఎదుటివాడు కాలుస్తున్నప్పుడు అలా లేవడమంటే ఎదురుగా వెళ్లి గుండు తినడమే.

రెండోది రైఫ్లింగ్. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటే గుండు గిరగిరా తిరుగుతూ సూటిగా వెళ్తుంది. కానీ ఆ గాడులను పట్టుకునేంత బిగువుగా ఉన్న గుండును మూతి నుంచి కిందిదాకా తోయడం మహా కష్టం. వెనుక నుంచి పెడితే ఆ బాధే లేదు.

మూడోది, ఒకదాని మీద ఒకటి దట్టించే పొరపాటు జరగదు. 1863 జులైలో అమెరికా అంతర్యుద్ధంలో గెటిస్‌బర్గ్ పోరు ముగిశాక మైదానంలో ఏరిన తుపాకులు 27,574 అని లెక్క రాశారు. వాటిలో దాదాపు 24,000 నింపి ఉన్నాయి. సుమారు 12,000 తుపాకుల్లో రెండేసి తూటాలు, 6,000 తుపాకుల్లో మూడు నుంచి పది దాకా. ఒకదాంట్లో అయితే ఏకంగా 23. ఆ గోలలో, ఆ టెన్షన్‌లో తన తుపాకీ పేలిందో లేదో కూడా సిపాయికి తెలియలేదు. పేలిందనుకుని మళ్లీ మళ్లీ దట్టించాడు. వెనుక కొస తెరిచి చూసుకునే తుపాకీలో ఇది అసాధ్యం.

ఇది ఎప్పుడు మొదలైంది?

ఫిరంగుల్లో చాలా ముందే. 15వ శతాబ్దం నాటికే యూరప్‌లో చెంబులాంటి విడి గదిలో మందు కూరి, దాన్ని గొట్టం వెనుక పెట్టి, చీల కొట్టి బిగించే ఇనుప ఫిరంగులున్నాయి. 1545లో మునిగిపోయిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్ శిథిలాల్లో అలాంటివి దొరికాయి.

చేతి తుపాకుల్లో పేరున్నది ఎనిమిదో హెన్రీ రాజుది. దాని మీద 1537 అని చెక్కి ఉంది. ఇప్పుడు బ్రిటన్ రాయల్ ఆర్మరీస్ సేకరణలో ఉంది. వెనుక ఒక మూత పక్కకు తెరుచుకుంటుంది. ముందుగా మందూ గుండూ నింపి పెట్టుకున్న చిన్న ఇనుప గొట్టాన్ని అందులోకి జారవిడిచి మూత వేస్తారు. చూడ్డానికి ఇప్పటి తూటా పద్ధతికి చుట్టమే. కానీ అది రాజుగారి వేట సరదా. అలాంటివి వేల సంఖ్యలో చేసి సైన్యానికిచ్చే దారి అప్పట్లో లేదు.

ఆలోచన ఉన్నా మూడు వందల ఏళ్లు ఎందుకు నిలిచిపోయింది?

పొగ వల్ల. సరిగ్గా చెప్పాలంటే, మందు కాలినప్పుడు పుట్టే వేడి గ్యాస్ వల్ల.

మూతి నుంచి నింపే తుపాకీకి వెనుక కొస శాశ్వతంగా మూసేసి ఉంటుంది. గ్యాస్‌కు ముందుకు పోవడం తప్ప గతి లేదు. వెనుక తెరుచుకునే మూత పెట్టగానే అక్కడ ఒక సందు ఏర్పడుతుంది. వెంట్రుకవాసి సందున్నా చాలు, నిప్పులాంటి గ్యాస్ అందులోంచి కాల్చేవాడి ముఖం మీదికి చిమ్ముతుంది. గుండు బలం తగ్గుతుంది. ప్రతి పేలుడుకూ ఆ సందు అంచులు కొంచెం కొంచెం కోసుకుపోయి ఇంకా పెద్దవవుతాయి. కుక్కర్‌కు గ్యాస్కెట్ లేకుండా మూత పెడితే ఏమవుతుందో మన వంటింట్లో అందరికీ తెలుసు. తొలి తుపాకులకు లేనిది ఆ గ్యాస్కెట్టే.

రెండో చిక్కు మసి. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు పూర్తిగా ఆవిరైపోదు. దాని బరువులో సగానికి పైగా గట్టి అవశేషంగా మిగిలిపోతుంది. అది కదిలే భాగాల మధ్య చేరి, గాలిలో తేమ పీల్చుకుని బిగుసుకుంటుంది. సందు లేకుండా బిగువుగా చేస్తే నాలుగు రౌండ్లకే మూత కదలదు, కదిలేలా వదులుగా చేస్తే గ్యాస్ కారుతుంది. మంచి మంచి పనివాళ్లందరూ ఈ రెంటి మధ్యే నలిగిపోయారు.

ఫెర్గూసన్ రైఫిల్‌కు అంత పేరెందుకు?

ఈ చిక్కును మొదటిసారి యుద్ధంలో వాడదగినంతగా దాటిన తుపాకీ అది. ప్యాట్రిక్ ఫెర్గూసన్ బ్రిటిష్ సైన్యంలో స్కాట్లండ్ అధికారి. మూల ఆలోచన ఆయనది కాదు. ఐజక్ ద లా షోమెట్ అనే ఫ్రెంచి ఇంజనీరు 18వ శతాబ్దం మొదట్లోనే మరబిరడా (స్క్రూలా తిరిగే మూత) పద్ధతిని తయారుచేశాడు. ఫెర్గూసన్ దాన్ని సిపాయి చేతికి పనికొచ్చేలా దిద్ది 1776లో పేటెంటు తీసుకున్నాడు.

పనితీరు ఇలా ఉంటుంది. గొట్టం వెనుక భాగానికి కిందినుంచి పైదాకా నిలువుగా ఒక లావాటి మరబిరడా దిగి ఉంటుంది. ట్రిగ్గర్ కింద ఉండే వంపు రేకే దానికి పిడి. ఆ పిడిని ఒక్క చుట్టు తిప్పితే చాలు, బిరడా కిందికి దిగి గొట్టం పైన రంధ్రం తెరుచుకుంటుంది. మామూలు మరకు ఎన్నో చుట్లు తిప్పాలి. దీనికి ఒకేసారి పక్కపక్కన సాగే అనేక వరుసల మరలు కోయడం వల్ల ఒక్క చుట్టే సరిపోయింది. తుపాకీ మూతిని కాస్త కిందికి వంచి గుండు వేస్తే, అది ముందుకు దొర్లి గాడుల మొదట్లో ఆగుతుంది. వెనుక మందు పోసి పిడి తిప్పితే బిరడా పైకొచ్చి మూసుకుంటుంది. మిగిలిన మందు పైనుంచి రాలిపోతుంది, కొలత దానంతటదే సరిపోతుంది. మసి చేరడానికి బిరడా మీదే చిన్న గాడులు కోసి ఉంచాడు. ఈ ఒక్క ఏర్పాటు చూస్తే చాలు, ఆయన ఈ తుపాకీతో ఎన్ని గంటలు కూర్చున్నాడో అర్థమవుతుంది.

1776లో లండన్ దగ్గరి వులిచ్‌లో పెద్ద అధికారుల ముందు, వానలో, గాలిలో నిమిషానికి నాలుగు సార్లు, ఆపైన ఆరు సార్లు కూడా కాల్చి చూపించాడు.

మరి బ్రిటన్ దాన్నే ఎందుకు కొనసాగించలేదు?

చేసినవే వంద. అన్ని వరుసల మరలను చేత్తో కోసే పనివాళ్లు తక్కువ, ఖర్చు ఎక్కువ. తాళం (మందుకు నిప్పు పెట్టే యంత్రం) భాగం దగ్గర కర్రను బాగా తొలిచేయడంతో అక్కడ బలహీనపడి పగిలే గుణం కూడా ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1777 సెప్టెంబరు 11న బ్రాండీవైన్ పోరులో ఫెర్గూసన్ కుడి మోచేయి గుండు దెబ్బకు ఛిద్రమైంది. ఆయన మంచాన ఉండగా, ఈ తుపాకులు పట్టిన ఆయన దళాన్ని విడదీసేశారు. 1780 అక్టోబరు 7న కింగ్స్ మౌంటెన్ దగ్గర ఆయన చనిపోయాడు. తుపాకీ కోసం వాదించేవాడే లేకుండా పోయాడు.

ఫెర్గూసన్ జార్జ్ వాషింగ్టన్‌ను కాల్చకుండా వదిలేశాడన్నది నిజమేనా?

బ్రాండీవైన్ దగ్గర ఒక అమెరికన్ అధికారి గుర్రం మీద తనకు దగ్గరగా వచ్చాడని, వెనుక నుంచి కాల్చడం మనసొప్పక వదిలేశానని ఫెర్గూసన్ స్వయంగా రాశాడు. ఆయన వాషింగ్టనేనని తర్వాత ఎవరో చెప్పారట. ఆ అధికారి ఎవరన్నది మాత్రం ఎప్పుడూ రుజువు కాలేదు.

సైన్యం పెద్ద ఎత్తున తీసుకున్న మొదటి బ్రీచ్ లోడర్ ఏది?

అమెరికా హాల్ రైఫిల్. మెయిన్ ప్రాంతానికి చెందిన జాన్ హాల్ 1811లో పేటెంటు పొందాడు. 1819 నమూనాగా హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో తయారైంది. గొట్టం వెనుక ముక్క ముందు కొస పైకి లేస్తుంది. అందులో మందూ గుండూ వేసి కిందికి నొక్కితే గొట్టంతో వరస కలుస్తుంది. సందులోంచి గ్యాస్ కారడం దీనికీ తప్పలేదు.

అయినా హాల్ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఒక తుపాకీ ముక్క తీసి ఇంకో తుపాకీలో పెడితే సరిపోవాలని పట్టుబట్టి, దానికోసం యంత్రాలు, కొలత పరికరాలు తయారుచేసుకున్నాడు. సందు ఎంత ఉండాలో ప్రతి తుపాకీలోనూ అంతే ఉంచగలిగితేనే బ్రీచ్ లోడర్ నిలబడుతుందని అతనికి తెలుసు. అదే ఆయుధశాలలో అతని దగ్గర పనిచేసిన క్రిస్టియన్ షార్ప్స్ 1848లో, లోహపు దిమ్మె నిలువుగా జారే మరో పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ దిమ్మె పైకి లేస్తూనే, మందూ గుండూ చుట్టిన కాగితపు తూటా తోకను కత్తిరించేస్తుంది, లోపలి మందు నిప్పుకు అందుతుంది.

సూది తుపాకీ అంటే ఏమిటి?

జర్మనీలోని జొమ్మెర్డాకు చెందిన యోహాన్ నికొలాస్ డ్రైజె తయారుచేసిన, ప్రష్యా (అప్పటి ఒక పెద్ద జర్మన్ రాజ్యం) సైన్యపు రైఫిల్. యువకుడిగా డ్రైజె పారిస్‌లో సామ్యూల్ పౌలీ అనే స్విస్ పనివాడి దగ్గర ఉన్నాడు. 1812లోనే అడుగున నిప్పు పుట్టించే పదార్థం పెట్టిన తూటాతో వెనుక నుంచి నింపే తుపాకీకి పేటెంటు తీసుకున్నవాడు ఈ పౌలీ. ఆయనకు దక్కాల్సిన పేరు దక్కలేదనే నా అభిప్రాయం.

డ్రైజె తుపాకీలో తలుపు గొళ్లెంలా ముందుకూ వెనక్కూ జరిగే బోల్ట్ ఉంటుంది. దాని పిడిని ఎత్తి వెనక్కి లాగి, కాగితపు తూటా పెట్టి, ముందుకు తోసి పక్కకు దించితే మూసుకుంటుంది. తూటా నిర్మాణమే విచిత్రం: వెనుక మందు, దాని ముందు అట్టతో చేసిన దొన్నె, ఆ దొన్నెలో కోడిగుడ్డు ఆకారపు సీసం గుండు. నిప్పు పుట్టించే బిళ్ల తూటా అడుగున కాకుండా మందుకు ముందు, ఆ దొన్నె అడుగుభాగంలో ఉంటుంది. అందుకే ట్రిగ్గర్ నొక్కగానే పొడవాటి సన్నని సూది కాగితాన్ని చీల్చి, మందు మొత్తం దాటి వెళ్లి ఆ బిళ్లను పొడవాలి. అంటే ప్రతిసారీ ఆ సూది మంటల మధ్యే ఉంటుంది. తుప్పు పట్టి, పెళుసై విరిగిపోయేది. సిపాయి దగ్గర మారు సూదులుండేవి, యుద్ధరంగంలోనే మార్చుకునేవాడు.

గ్యాస్ ఆపడానికి బోల్ట్ కొస గొట్టం వెనుక అంచు మీద టోపీలా కూర్చునే ఏర్పాటు చేశారు. కొత్తలో బాగానే ఆపేది, అరిగేకొద్దీ కారేది. ప్రష్యా 1841లో దీన్ని అంగీకరించి, రహస్యం బయటపడకుండా ‘తేలికపాటి పెర్కషన్ తుపాకీ’ అని మామూలు పేరు పెట్టింది.

1866లో ఆస్ట్రియా మీద ప్రష్యా గెలిచింది ఈ తుపాకీ వల్లేనా?

దీనివల్ల కూడా. 1866 జులై 3న క్యోనిగ్‌గ్రేట్స్ దగ్గర ఆస్ట్రియా సైనికులు గుంపులుగా బాయినెట్లతో (తుపాకీ కొసకు బిగించే కత్తులతో) దూసుకొచ్చారు. వాళ్ల లోరెంజ్ రైఫిల్ మూతి నుంచి నింపేది. దూరానికి గురి విషయంలో అది సూది తుపాకీకి తీసిపోదు, పైగా మెరుగే. కానీ ఆస్ట్రియా దగ్గరికి చొచ్చుకెళ్లే యుద్ధాన్నే నమ్ముకుంది. సరిగ్గా ఆ దగ్గరి దూరంలోనే, పొదల చాటున పడుకుని కాల్చే ప్రష్యా సిపాయిది పైచేయి. దీనికి ముందే, 1864లో అదే జులై 3న డెన్మార్క్‌లోని లుండ్బీ దగ్గర చిన్న పోరులో ఇదంతా కనబడింది. బాయినెట్లతో వచ్చిన డేనిష్ కంపెనీ ఛిన్నాభిన్నమైంది, ప్రష్యా వైపు గాయపడింది ముగ్గురే. ఆస్ట్రియా దాన్నుంచి నేర్చుకోలేదు. అలాగని ప్రష్యా సేనాని మోల్ట్కె పథకాన్ని, రైళ్ల మీద సైన్యాన్ని తరలించిన తీరును పక్కనపెట్టి అంతా సూది మహిమ అనడమూ తప్పే.

ఫ్రాన్స్ దగ్గర అంతకంటే మంచి తుపాకీ ఉన్నా 1870లో ప్రష్యా చేతిలో ఎందుకు ఓడింది?

ఆంత్వాన్ షాస్‌పో 1866లో చేసిన రైఫిల్ నిజంగానే మేలైనది. బోల్ట్ తలకు రబ్బరు వలయం తొడిగాడు. పేలినప్పుడు అది నలిగి వ్యాకోచించి సందును మూసేసేది. గ్యాస్ వృథా పోనందువల్ల గుండు చాలా దూరం వెళ్లేది. దాని గురి పట్టీ మీద 1,200 మీటర్ల దాకా గుర్తులున్నాయి, డ్రైజె రైఫిల్ అందులో సగం దూరానికే తేలిపోయేది. 1870 ఆగస్టు 18న సెయింట్ ప్రివా దగ్గర బయలు నేల మీద నడిచొచ్చిన ప్రష్యా గార్డు దళంలో దాదాపు 8,000 మంది చనిపోవడమో గాయపడటమో జరిగింది.

కానీ ప్రష్యా వైపు క్రుప్ కంపెనీ ఉక్కు ఫిరంగులున్నాయి. అవి వెనుక నుంచి నింపేవి. ఫ్రాన్స్ ఫిరంగులు కంచువి, మూతి నుంచి నింపేవి. రైఫిల్‌లో వెనుకబడ్డ సైన్యం ఫిరంగుల్లో ముందుండి గెలిచింది. సైన్యం నడిపిన తీరులో ఫ్రాన్స్ చేసిన తప్పులు దీనికి తోడయ్యాయి.

చివరికి గ్యాస్ సమస్య తీరిందెలా?

తుపాకీని మార్చడం వల్ల కాదు, తూటాను మార్చడం వల్ల. ఇత్తడి గొట్టంలో మందు, గుండు, అడుగున నిప్పు బిళ్ల కలిపి పెడితే, పేలిన క్షణంలో ఆ పలుచని ఇత్తడి ఉబ్బి చుట్టూ గోడకు అతుక్కుంటుంది. ఒక్క సందు ఉండదు. ఒత్తిడి తగ్గగానే కొంచెం ముడుచుకుని, లాగితే బయటికొస్తుంది. ప్రతి తూటా తన గ్యాస్కెట్‌ను తానే తెచ్చుకుంటుందన్నమాట. ఈ పద్ధతి కుదిరాక సూదులు, రబ్బరు వలయాలు కొద్ది ఏళ్లలోనే మూలకు చేరాయి.

బ్రిటన్‌లో ఈ మార్పు 1866లో స్నైడర్ పేరుతో వచ్చింది. అమెరికన్ జేకబ్ స్నైడర్ పద్ధతి ప్రకారం మూతి నుంచి నింపే పాత ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల వెనుక భాగం కోసి, కుడివైపు తెరుచుకునే దిమ్మె బిగించారు. కొత్త తుపాకులు కొనకుండానే సైన్యమంతా మారిపోయింది. కాల్చాక దిమ్మె తెరిచి, దాన్ని వెనక్కి లాగితే తూటా ఖాళీ గొట్టం కాస్త బయటికొస్తుంది. అప్పుడు రైఫిల్‌ను వెల్లకిలా తిప్పితే కింద పడుతుంది. బాగా అలవాటైనవాడు నిమిషానికి పది సార్లు కాల్చేవాడు.

అయితే అప్పటి తూటా ఇప్పటిలా ఒకే ముక్క కాదు. కర్నల్ బాక్సర్ రూపొందించిన దానిలో పలుచని ఇత్తడి రేకును చుట్టగా చుట్టేవారు. 1871లో వచ్చిన మార్టిని-హెన్రీ రైఫిల్‌కీ మొదట అలాంటిదే ఇచ్చారు. 1885లో సూడాన్ ఇసుకలో, ఎండలో ఆ రేకు తూటాలు ఇరుక్కుని రైఫిళ్లు మొరాయించాయి. ఆ తర్వాత ఒకే ముక్కగా సాగదీసిన ఇత్తడి గొట్టాలకు మారారు.

1857 నాటి కొవ్వు తూటాలు ఈ కోవలోవేనా?

కావు. చాలామంది ఇక్కడే పొరబడతారు. అప్పటి ఎన్‌ఫీల్డ్ మూతి నుంచి నింపే రైఫిలే. కాగితపు పొట్లాన్ని పంటితో చింపి, మందు మూతిలో పోసి, గుండును దట్టించాలి. బిగువుగా ఉండే గాడుల్లో గుండు జారడానికి కాగితానికి కొవ్వు పూసేవారు. ఆవు, పంది కొవ్వు వాడారన్న నమ్మకమే సిపాయిల్లో నిప్పు రాజేసింది.

భారతీయ సిపాయిలకు బ్రీచ్ లోడర్లు ఎప్పుడిచ్చారు?

కావాలనే ఆలస్యంగా. 1857 తర్వాత బ్రిటిష్ వాళ్లు తమ సైనికుల కంటే ఒక తరం పాత ఆయుధాన్నే భారతీయులకు ఇవ్వడం పద్ధతిగా పెట్టుకున్నారు. 1868 అబిస్సీనియా (ఇప్పటి ఇథియోపియా) దండయాత్రలో అదే సైన్యంలో ఇద్దరూ పక్కపక్కనే నడిచారు. తెలుగు, తమిళ జవాన్లు పనిచేసిన మద్రాసు శాపర్స్ (సైన్యంలో దారులు, వంతెనలు కట్టే ఇంజనీరింగ్ దళం) కూడా ఆ యాత్రలో ఉన్నారు. బ్రిటిష్ దళం చేతిలో కొత్త స్నైడర్, భారతీయ పదాతి చేతిలో మూతి నుంచి దట్టించే పాత తుపాకీ. 1878లో రెండో అఫ్గాన్ యుద్ధం మొదలయ్యేసరికి బ్రిటిష్ వాళ్లు మార్టిని-హెన్రీకి వెళ్లారు, మనవాళ్లకు అప్పుడు స్నైడర్ దక్కింది. ఒకే గుంట, ఒకే శత్రువు, ప్రాణం విలువలో మాత్రం తేడా. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపమే వస్తుంది.

తూటా పద్ధతి వల్ల తిరుగుబాటు చేసేవాళ్లకు ఏం మారింది?

చాలా మారింది. నాటు తుపాకీకి మందు ఊళ్లోనే నూరుకోవచ్చు, సీసం కరిగించి గుండు పోసుకోవచ్చు. ఇత్తడి తూటా ఫ్యాక్టరీ నుంచే రావాలి. ఆ ఫ్యాక్టరీ ప్రభుత్వం చేతిలో ఉంటుంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా దాడి చేసినప్పుడు తుపాకులతో పాటు తూటాలనూ పట్టుకెళ్లింది. తూటాలు అయిపోయాక ఆ తుపాకీ ఒట్టి ఇనుము.

ఫిరంగుల్లో ఈ మార్పు ఎలా జరిగింది?

వంకర దారిలో. బ్రిటన్ 1859లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగితో వెనుక నుంచి నింపడం మొదలుపెట్టి, మూతలు సరిగ్గా నిలవక కొన్నేళ్లకే మళ్లీ మూతి పద్ధతికి వెళ్లిపోయింది. 1879 జనవరి 2న థండరర్ అనే యుద్ధనౌక మీద 38 టన్నుల ఫిరంగి పేలి ముక్కలైంది, 11 మంది చనిపోయారు. ముందు నింపింది పేలలేదని గమనించకుండా మళ్లీ నింపడమే కారణమని విచారణలో తేలింది. గెటిస్‌బర్గ్ సిపాయిలు చేసిన పొరపాటే ఇది. బ్రిటిష్ నౌకాదళం తిరిగి వెనుక నుంచి నింపే ఫిరంగులకు మళ్లడానికి ఈ ప్రమాదం గట్టి కారణమైంది.

మా తాతల కాలం నాటి తుపాకీ ఇంట్లో ఉంది. ఏ రకమో ఎలా తెలుస్తుంది? ఉంచుకోవచ్చా?

గొట్టం కింద పొడవాటి కడ్డీ దూర్చి, వెనుక కొస తెరుచుకునే వీలు లేకపోతే అది మూతి నుంచి నింపేది. కుడివైపుకు తెరుచుకునే దిమ్మె ఉంటే స్నైడర్ రకం కావచ్చు. స్నైడర్‌కూ కింద కడ్డీ ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి. ట్రిగ్గర్ వెనుక పొడవాటి మీట ఉండి, దాన్ని కిందికి లాగితే పైన తెరుచుకుంటే మార్టిని రకం.

ఉంచుకోవడం గురించి: 1959 ఆయుధ చట్టం ప్రకారం పేల్చగలిగే తుపాకీకి లైసెన్సు తప్పనిసరి, అది ఎంత పాతదైనా సరే. కాలం చెల్లిన నమూనా అయినా, పురాతన విలువ ఉన్నదైనా, మరమ్మతు చేసినా పేలే స్థితిలో లేకపోతేనే మినహాయింపు. మీది ఏ కోవలోకి వస్తుందో మీరే తేల్చుకోకుండా లాయర్‌ను కలిసి, దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా తెలియజేయండి.

అంతకంటే ముందు ఒక జాగ్రత్త. దాని మూతి ఎవరి వైపూ తిప్పకండి, ట్రిగ్గర్ నొక్కి చూడకండి, శుభ్రం చేద్దామని లోపల కడ్డీ దూర్చకండి. మూతి నుంచి నింపే తుపాకుల్లో ఎప్పుడో దట్టించిన మందు అలాగే ఉండిపోవడం మామూలే. పొడిగా ఉంటే నల్లమందు ఎన్నేళ్లయినా చెడిపోదు. దాన్ని ఉన్నచోటే ఉంచి, పిల్లల్ని దూరంగా పెట్టి, తెలిసినవాళ్లు వచ్చి చూసేదాకా ఆగండి.